తెర మీద అక్క గొంతు

మా అక్క గొంతు ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడానికి నేను వద్దని మా అక్కే చెప్పింది. "నువ్వొద్దు. గా టీవీ డాక్టరమ్మను పిలువు" అన్నది, కూరలో ఇంకొంచెం ఉప్పు వద్దన్నంత తేలిగ్గా. ఆ టీవీ డాక్టరమ్మ పేరు చెప్తేనే అప్పటికి నాకు ఒళ్ళు మండుతోంది. ఆ మంట ఎక్కడిదో తెలియాలంటే ముందు నా బ్యాగు సంగతి చెప్పాలి.

నేను మత్తు డాక్టర్‌ని. సర్జన్లకు సొంత దవాఖానలు ఉంటాయి, మాకు బ్యాగు ఉంటుంది. వరంగల్, హన్మకొండల్లో ఏ నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ ఉన్నా వాళ్ళు ఫోన్ చేస్తారు, మేము బ్యాగు పట్టుకుని పోతాం. పొద్దున సుబేదారిలో ఇంటి నుంచి స్కూటీ తీస్తే మళ్ళీ ఏ పూటకు ఇల్లు చేరేది ఆ ఫోన్ చేతిలోనే ఉంటుంది. మోగినన్ని రోజులు విసుక్కుంటాం. మోగకపోతే తెలుస్తుంది అసలు బాధ.

నా బ్యాగులో అన్నిటికంటే అడుగున, మెత్తటి గుడ్డలో చుట్టి, ఒక లారింజోస్కోప్ ఉంటుంది. స్టీలు పిడి, దానికి కొడవలిలా వంగిన బ్లేడు, బ్లేడు మీద చిన్న బల్బు. అంతే. మనిషికి పూర్తి మత్తు ఇచ్చినప్పుడు సొంత ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు గొంతులోంచి ఊపిరిగొట్టంలోకి ట్యూబు దించి మెషీన్‌కు కలపాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. నేను పేషంట్ తల వైపు నిలబడి, ఎడమ చేత్తో బ్లేడు పెట్టి నాలుకను పక్కకు నెట్టి పైకి ఎత్తుతాను. నడుము వంచి, ఒక కన్ను మూసి నోట్లోకి చూస్తాను. లోపల ఎక్కడో, ఆ చిన్న బల్బు వెలుతురులో, తెల్లటి రెండు స్వరతంత్రులు తలుపు రెక్కల్లా ఓరగా తెరుచుకుని కనిపిస్తాయి. ట్యూబు ఆ రెక్కల మధ్యలోంచి పోవాలి. పక్కనున్న ఆహారపు గొట్టంలోకి పోయిందా, కొంప మునిగినట్టే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటో దాచకుండా చెప్తాను. ఆ తలుపు రెక్కలు నాకొక్కదానికే కనిపిస్తాయి. సర్జన్ ఎంత గొప్పవాడైనా సరే, ఆ క్షణంలో చేతులు కట్టుకుని నా మొహం చూడాల్సిందే. "పడిందా మేడం?" అని అడగాల్సిందే. నేను "పడింది" అన్నాకే వాళ్ళు కత్తి ముట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఆ ఒక్క మాట మీద నేను ఊళ్ళో రాణిలా బతికాను. పొట్టి మెడ ఉన్నవాళ్ళు, దవడ లోపలికి పోయినవాళ్ళు, పళ్ళు ఎత్తుగా ఉన్నవాళ్ళు ఎవరొచ్చినా, వేరేవాళ్ళ చేతిలో ట్యూబు పడకపోతే ఫోన్ నాకే వచ్చేది. "మేడం చెయ్యి పడితే చాలు" అనేవాళ్ళు. అబ్బ, ఆ మాట వినడానికి నేను తినే అన్నం వదిలేసి పోయేదాన్ని.

అప్పుడు దిగింది ఆ పిల్ల. నర్సంపేట దిక్కు ఏదో ఊరి రైతుల బిడ్డ, హైదరాబాద్‌లో చదువుకుని వచ్చింది. బక్కపలచని మనిషి, తెల్ల బూట్లు, మాట్లాడితే నవ్వు. ఆమెకూ ఒక బ్యాగు. కానీ అందులో ఉన్నది వీడియో లారింజోస్కోప్. బ్లేడు కొసన కెమెరా, పిడి మీద అరచేయంత తెర. నడుము వంచక్కర్లేదు, కన్ను మూయక్కర్లేదు. నిటారుగా నిలబడి సెల్‌ఫోన్ చూసినట్టు చూస్తూ ట్యూబు వేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మూతి తిప్పుకున్నాను. పిల్లకాకికి ఏం తెలుసు ఉండేలు దెబ్బ, నాలుగు నెత్తుటి గొంతులు ఎదురైతే ఆ కెమెరా మసకబారి మూలకు పడుతుంది అనుకున్నాను.

మూలకు పడింది నేనే. డోర్నకల్ నుంచి ఒక రైల్వే ఆయన కడుపు ఆపరేషన్‌కు వచ్చాడు. భారీ మనిషి, మెడ కర్రలా బిగుసుకుపోయి వెనక్కి వంగదు. మత్తు ఇచ్చి బ్లేడు పెట్టి ఎంత ఎత్తినా నాకు గొంతు మీది మూత తప్ప ఏమీ కనిపించలేదు. మాస్కుతో ఊపిరి ఇచ్చాను, దిండు మార్చాను, మళ్ళీ ఎత్తాను. సర్జన్ ఒక మాట కూడా అడగకుండా పక్క థియేటర్‌లో ఉన్న ఆ పిల్లను పిలిపించాడు. ఆమె వచ్చింది, "నమస్తే మేడం" అన్నది, కెమెరా బ్లేడు పెట్టింది. తెర మీద ఆ రైల్వే ఆయన స్వరతంత్రులు బంతిపువ్వంత స్పష్టంగా కనిపించాయి. నాకు, సర్జన్‌కు, సిస్టర్‌కు, తలుపు దగ్గర నిలబడ్డ ఆయాకు, అందరికీ! ట్యూబు పోవడం కూడా అందరూ చూశారు. "పడిందా" అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనే లేదు.

ఆ రోజు ఇంటికి పోయి అన్నం కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ప్రాణం నిలబడ్డందుకు సంతోషపడాలి కదా. పడ్డాను, దేవుడి మీద ఒట్టు. కానీ ఆ సంతోషం కింద అసూయ కూడా ఉంది. ఆ పిల్ల గెలిచినందుకు కాదు, అంత సులువుగా గెలిచినందుకు. కొంచెం చెమటైనా పట్టొద్దూ?

ఆ తర్వాత నా ఫోన్ మెల్లమెల్లగా చల్లబడింది. మామూలు కేసులు వచ్చేవి. కష్టమైన గొంతులు మాత్రం ఆమెకు పోయేవి. సిస్టర్లు నా ముందే "జర ఆ కెమెరా మేడంను అడుగుదమా సార్?" అనేవాళ్ళు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా! నేను లోపల కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూ పైకి "పిలవండి, పిలవండి, నాకేమన్న అభ్యంతరమా" అని నవ్వేదాన్ని.

అదొకటి అయితే, ఇంకోటి మరీ సిగ్గుచేటు. ఒకరోజు ఆ పిల్లే, "మేడం, మీరు ఒక్కసారి దీనితోని వేసి చూడుండ్రి" అని తన పరికరం నా చేతికిచ్చింది. పేషంట్ సన్నటి అమ్మాయి, తేలికైన గొంతు. వద్దంటే భయపడ్డానంటారని తీసుకున్నాను. బ్లేడు పెట్టాను. పెట్టీ పెట్టగానే నా నడుము దానంతట అదే వంగింది, ఒక కన్ను దానంతట అదే మూసుకుంది. నోట్లోకి తొంగి చూస్తే ఆ బ్లేడు వంకరకు ఏమీ కనిపించదు కదా, నాలుక తప్ప. నేను ఇంకా ఎత్తుతున్నాను, ఇంకా వంగుతున్నాను. "కనిపించడం లేదే" అని గొణుగుతున్నాను. చివరికి సిస్టర్ నా భుజం తట్టింది.

"మేడం, ఇటు జూడుండ్రి. తెర మీద మంచిగ కనిపిస్తాంది."

తలెత్తి చూస్తే నా చేతిలోని పరికరం మీదే స్వరతంత్రులు మెరుస్తున్నాయి. గదిలో అందరూ అవి చూస్తూ నిలబడ్డారు, చూడనిది నేనొక్కదాన్నే. సర్జన్ మాస్కు వెనకాల నవ్వు ఆపుకోవడం ఆయన భుజాల్లో తెలిసింది. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "మొదటిసారి నడుం వంగుడు అందరికి అయితది మేడం, పాత అలవాటు గదా" అన్నది. పుండు మీద కారం! నవ్వినా బాగుండేది. ఆ తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు. కెమెరాకు ఆవిరి పడుతుందని, తెర వెలుతురు ఎక్కువని, బ్లేడు లావని వంద వంకలు పెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఇలా నేను ఉడుకుతున్న రోజుల్లోనే అక్క మెడలో గడ్డ బయటపడింది. అక్క నాకంటే పదేళ్లు పెద్ద. నాకు జడలు వేసి బడికి పంపింది ఆమే. వరంగల్ బజారులో బావతో పాటు స్టీలు సామాన్ల దుకాణం నడుపుతుంది. థైరాయిడ్ గడ్డ ఎప్పటినుంచో ఉన్నా కొంగు కప్పుకుని దాచింది. అది ఊపిరిగొట్టాన్ని పక్కకు నెట్టేదాకా నాకు చెప్పలేదు. తెలిశాక కూడా, "మేడారం పోయి తల్లులకు నా ఎత్తు బంగారం ఇచ్చి వచ్చినంకనే కోయించుకుంట" అని కూర్చుంది. బంగారం అంటే బెల్లమే, ఆమె బరువంత బెల్లం. జాతర అయింది, బెల్లం ఇచ్చింది, వచ్చింది.

స్కాను చూసి నాకు గుండె జారింది. అదే సమయంలో, ఏం దాచను, రక్తంలో పాత హుషారు కూడా లేచింది. ఇది చాలా కష్టమైన గొంతు. పొట్టి మెడ, ముందు గడ్డ, వంగిన గొట్టం. దీన్ని నేను గెలిస్తే ఊళ్ళో నా మాట మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా నా సొంత అక్క. సొంతవాళ్ళ మీద చెయ్యి వెయ్యొద్దని మా డాక్టర్లలో ఒక పద్ధతి ఉంది, కానీ మా ఇంట్లో నేను ఆ పద్ధతి ఎన్నడూ పాటించలేదు. నాన్న హెర్నియాకు నేనే, బావ పిత్తాశయానికి నేనే. దుకాణానికి పోయి, గిరాకీ పలచబడేదాకా ఆగి, అక్క పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను.

"అక్కా, నీది శాన కష్టమైన గొంతు. పైపు పడకపోతే పానానికే మోసం. ఈ ఊర్ల నేను తప్ప ఎవ్వరు వెయ్యలేరు. నేను ఉన్నగదా, నువ్వు ఫికర్ జేయకు."

అక్క బిందె తూకం వేస్తోంది. ముల్లు నిలబడేదాకా చూసి, బిందె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని అప్పుడు అన్నది ఆ మాట. నువ్వొద్దు, గా టీవీ డాక్టరమ్మను పిలువు.

"ఏందీ?" అన్నాను.

"మా వాడకట్టు ఆమెకు గట్లనే వేసిందట గదా. మంచిగ లేచి వచ్చింది. నాకు గా పిల్లనే కావాలె."

"నాకంటె ఆమె ఎక్కువైందా నీకు?"

"ఎక్కువ తక్కువలు ఏం లేవే. నాకు ఆమె కావాలె, అంతే."

బావ కౌంటర్ వెనక నుంచి, "మీ అక్క ఒక్కసారి అన్నదంటె బ్రహ్మదేవుడొచ్చినా మారది, నీకు తెల్వదా" అని నవ్వబోయి, నా మొహం చూసి గల్లాపెట్టెలోకి తల దూర్చాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. బజారంతా నాకు ఆ పిల్ల తెల్ల బూట్లే కనిపించాయి. ఊరు పోయింది, ఫోన్ పోయింది, ఇప్పుడు అక్కను కూడా ఎత్తుకుపోయింది!

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. బూట్లు బయట విప్పి, సోఫా అంచున కూర్చుంది. నేను మంచినీళ్ళు కూడా ఆలస్యంగా ఇచ్చాను.

"మేడం, రేపు మీరే వెయ్యుండ్రి. నేను పక్కన ఉంట. నా పరికరం మీ చేతికిస్త" అన్నది.

"పేషంట్ నిన్ను కోరుకున్నది అమ్మా. నన్ను కాదు."

"నాకు భయమైతాంది మేడం. మీ అక్క గదా."

"కెమెరా ఉన్నోళ్ళకు భయమెందుకు?" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. చిన్నబోతే నాకు కాసేపు హాయిగా అనిపించింది కూడా. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

మర్నాడు థియేటర్‌లో నేను పేషంట్ బంధువులా నిలబడ్డాను. తల వైపు కాదు, పక్కన. అన్నేళ్లలో ఆ గదిలో నేను పక్కన నిలబడడం అదే మొదలు, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క బల్ల మీద పడుకుని నా వైపు చూడనే లేదు. ఆ పిల్లను చూసి, "బిడ్డా, నిమ్మలంగ వెయ్యి, తొందరేం లేదు" అన్నది. నన్ను కదా అనాల్సింది ఆ మాట! మత్తు ఎక్కింది, కళ్ళు మూతలు పడ్డాయి, ఊపిరి ఆగింది.

ఆ పిల్ల బ్లేడు పెట్టింది. తెర మీద అక్క గొంతు కనిపించింది. నా అక్క స్వరతంత్రులు. నన్ను తిట్టిన, పిలిచిన, బజారులో బేరాలాడిన ఆ గొంతు, గులాబీ రంగు గోడల మధ్య, కొంచెం పక్కకు ఒరిగి, అయినా స్పష్టంగా. అది చూసిన ఆ క్షణంలోనే నాకు ఇంకోటి కూడా అర్థమైంది. నా పాత బ్లేడుతో అయితే ఇందులో సగం కూడా కనిపించేది కాదు. నేను నడుము విరిగేలా వంగినా, చెయ్యి ఊడేలా ఎత్తినా కనిపించేది కాదు. అంత అసూయ నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. ఆ పిల్ల మీద కాదేమో, ఆ అరచేయంత తెర మీద.

ఆమె ట్యూబు నోట్లో పెట్టి తోసింది. తెర మీదికి రాలేదు. ఇంకా తోసింది. రాలేదు. తలుపు కళ్ళ ముందే తెరిచి ఉంది, లోపలికి పోవాల్సింది మాత్రం ఎక్కడ ఉందో తెలియదు. ఆమె కళ్ళు తెరకు అతుక్కుపోయాయి. మానిటర్ చప్పుడు సన్నగా మొదలై బొంగురు పోవడం మొదలుపెట్టింది. ప్రాణవాయువు తగ్గుతుంటే ఆ చప్పుడు అలాగే దిగుతుంది. సర్జన్ "ఏమైందమ్మా" అన్నాడు. ఆమె నుదుటి మీద చెమట. పట్టాలని ఒకప్పుడు నేను కోరుకున్న చెమటే.

నేను తెర చూడడం లేదు. నాకు అలవాటు లేదు కదా, నోరే చూస్తున్నాను. కుడివైపు, నాలుక పక్కన, ట్యూబు కొస మెత్తటి కండలో గుచ్చుకుని వంగిపోయి ఉంది. ఆమె తోసిన కొద్దీ అది ఆ కండనే తోస్తోంది. తెర చూసేవాళ్ళకు గొంతు అడుగు కనిపిస్తుంది, నోరు కనిపించదు. అసూయ కన్నా ముందు నా నోరు పలికింది.

"కళ్ళు తెర మీదికెల్లి తియ్యి! నోట్ల చూడు. పైపు వెనకకు గుంజు, ఇంకా, ఇంకా. ఆ... ఇప్పుడు నోట్లనే చూసుకుంట, బ్లేడును ఆనుకొని దించు. కొస నాలుక దాటినంక తెర చూడు. ఆ, ఇప్పుడు చూడు."

ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. తెర అంచున ట్యూబు కొస కనిపించింది. కొంచెం తిరిగింది, రెక్కల మధ్యకు వచ్చింది, లోపలికి పోయింది. గదిలో అందరూ చూశారు. మానిటర్ చప్పుడు మెల్లగా మళ్ళీ సన్నబడింది.

"శెభాష్ అమ్మా!" అన్నాడు సర్జన్. నన్ను కాదు, ఆమెను. ఆమె నా వైపు తిరిగి ఏదో అనబోయింది. కానీ అప్పటికే ఆయన లైట్లు సర్దమంటున్నాడు, సిస్టర్ గుడ్డలు పరుస్తోంది. నేను బయటికి వచ్చి కారిడార్‌లో బెంచీ మీద కూర్చుని బాగా ఏడ్చాను. అక్క బతికినందుకు ఏడ్చానా, ఆ శెభాష్ నాది కానందుకు ఏడ్చానా అంటే రెండిటికీ. అందులో ఏది ఎంతో నేను లెక్క తీయలేదు.

మర్నాడు పొద్దున చల్లార్చిన రాగిజావ పట్టుకుని వార్డుకు పోయాను. అక్క మెడకు కట్టు, దిండుకు ఆనుకుని కూర్చుంది. గొంతు బొంగురుగా, గుసగుసలా వస్తోంది కానీ వస్తోంది. బావ టీ తాగడానికి బయటికి పోయాడు. చెంచాతో జావ పోస్తూ, ఆపుకుందామనుకుంటూనే అనేశాను.

"పానం మంచిగైంది గదా. ఇప్పుడన్న చెప్పు. నాల ఏం తక్కువ చూసినవు?"

"తక్కువేందే?"

"మరి గా పిల్లనెందుకు అడిగినవు? బజారంత నవ్వింది నన్ను. సొంత అక్కనే వద్దన్నదని."

అక్క జావ మింగింది. మింగేటప్పుడు నొప్పికి కళ్ళు మూసుకుంది. తెరిచి, నన్ను చిన్నప్పుడు జడ వెయ్యడానికి ముందు కూర్చోబెట్టుకున్నప్పటిలా చూసింది.

"కష్టమన్నవు. పానం పోవచ్చన్నవు. పోతే పోయింది, ఎవరం ఉంటం ఎల్లకాలం? గని నీ చేతుల్ల పోవద్దనుకున్న. నా పానం నీ చేతుల్ల పోతే నువ్వు మల్ల మనిషివైతవా? ఇంకొకరి నోట్ల చెయ్యి పెడ్తవా జన్మల?"

నాకు కోపమే వచ్చింది.

"మరి ఆ పిల్ల చేతుల్ల పోతే? ఆ పిల్ల మనిషి కాదా?"

అక్క చెంచా నా చేతిలోంచి తీసుకుని గిన్నెలో పెట్టింది.

"ఏడుస్తది. నాలుగు రోజులు ఏడ్చి మల్ల పనికి పోతది. ఆ పిల్లకు నేను అక్కనా?"